గాలిబండి: ఇరుసు ముందు, తెరచాప ఆఖరు

మిరుగం పడి బడులు తెరుచుకున్నాక నెలా నెలన్నర పాటు వరంగల్ మీదికి పడమటి గాలి గట్టిగానే వీస్తుంది. ఆషాఢంలో డాబా మీద ఆరేసిన బట్టలు ఒక్కోసారి పక్కింట్లో వెతుక్కోవాలి. గాలితో నడిచే బండి చేయించడానికి సైన్సు టీచరుకు అంతకంటే మంచి రోజులుండవు. అయితే ఈ ప్రాజెక్టు గుర్తొచ్చేది చాలాసార్లు సైన్స్ ఫెయిర్ దగ్గర పడ్డాకే. అప్పటికి చలికాలం వచ్చేస్తుంది, వేపాకు కూడా కదలదు, ఇక టేబుల్ ఫ్యానే గతి. అందుకే ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఫ్యాను ముందు నడిచే బండి గురించి. బయటి గాలికి ఏం మార్చాలో తర్వాత చూద్దాం.

పిల్లలు ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు తెరచాప కత్తిరించి రంగులేసి బడి పేరు రాస్తారు. చక్రాలను ఆఖరి పావుగంటలో ఎలాగోలా గుచ్చేస్తారు. ఫ్యాను వేస్తే బండి కదలదు. తెరచాప చిన్నదైందనుకుని ఇంకా పెద్దది కడతారు. ఈసారి బండి ముందుకు బోర్లా పడుతుంది. అసలు లోపం మొదటి నుంచీ ఇరుసు దగ్గరే ఉంది.

లెక్క చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఏ4 కాగితం విస్తీర్ణం 0.062 చదరపు మీటర్లు. సెకనుకు 3 మీటర్ల గాలి దానికి సూటిగా తగిలితే పడే బలం దాదాపు 0.4 న్యూటన్లు. 40 గ్రాముల రాయిని అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువు తెలుస్తుందో అంత. 60 గ్రాముల బండికి ఇది చాలా పెద్ద తోపు. కానీ బండి కదిలిన కొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గుతూ వస్తుంది. గాలి వేగం 3 మీటర్లు, బండి వేగం 2 మీటర్లు అయితే తెరచాపకు తెలిసేది 1 మీటరు గాలి మాత్రమే. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 40 గ్రాములు కాస్తా తొమ్మిదో వంతుకు, నాలుగున్నర గ్రాములకు పడిపోతుంది. ఇరుసు ఘర్షణతో తలపడాల్సింది ఆ నాలుగున్నర గ్రాములే.

ఘర్షణ 10 గ్రాముల బలమంత ఉన్న బండి 3 మీటర్ల గాలిలో ఎంతసేపు పరుగెత్తినా సెకనుకు 1.5 మీటర్లు దాటదు. అదే ఘర్షణను 2.5 గ్రాములకు దించితే 2.25 మీటర్ల దాకా పోతుంది. ఘర్షణను ముట్టుకోకుండా తెరచాపతోనే ఆ వేగం తేవాలంటే నాలుగు ఏ4 కాగితాలంత తెరచాప కట్టాలి. అంత తెరచాపతో 60 గ్రాముల బండి నిలబడదు. ఇరుసు మీద అరగంట పెడితే మూడు కాగితాల తెరచాప ఊరికే వచ్చినట్టు.

ఇరుసు, చక్రం

పాత పద్ధతిలో ప్లాస్టిక్ స్ట్రాలో వెదురు పుల్ల దూర్చి రెండు చివర్లా మూతలు గుచ్చేవాళ్లు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలను నిషేధించారు. ఇప్పుడు దొరికే కాగితం స్ట్రా చేతి చెమటకే మెత్తబడుతుంది, లోపలి అంచు పుల్లను పట్టేస్తుంది. దాన్ని వదిలేయడం మంచిది. వెదురు పుల్లతోనూ తంటాలే. 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పూర్తిగా గుండ్రంగా ఉండదు, పీచు లేస్తుంది.

సైకిల్ షాపుకు పోయి ఒక పాత స్పోకు అడగండి. 2 మిల్లీమీటర్ల ఉక్కు తీగ, నునుపు, గుండ్రన. ఒక్క స్పోకులో 13 సెంటీమీటర్ల ఇరుసులు రెండు వస్తాయి. వంపు తిరిగిన తల భాగాన్నీ, మర ఉన్న చివరనూ అక్కడే కోయించుకోండి. మర చివర గొట్టంలో ఉంటే ఆకురాయిలా గీరుతుంది. కోసిన మొనలను సిమెంటు గచ్చు మీద రుద్ది మొద్దు చేయాలి. లేకపోతే చేతులకు గుచ్చుకుంటాయి.

ఇరుసు తిరగడానికి గొట్టం కావాలి. ఖాళీ రీఫిల్, సన్నని పెన్ను గొట్టం, ఏదైనా సరే. సరిపోతుందో లేదో తేల్చడానికి స్కేలు అక్కర్లేదు. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని స్పోకు దూర్చండి. తన బరువుకు తానే జారి కింద పడాలి. పడకపోతే గొట్టం మార్చండి. రీఫిల్ అయితే లోపలి ఇంకును స్పిరిట్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఎండిన ఇంకు జిగురులా పట్టుకుంటుంది.

గొట్టాన్ని బండి వెడల్పంతా ఒకే ముక్కగా పెట్టొద్దు. పొడవాటి గొట్టం టేపు బిగిసిన చోట కాస్త వంగినా ఇరుసును నడుమ పట్టేస్తుంది. రెండు అంచుల్లో ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు చాలు. వాటిని అతికించేటప్పుడు స్పోకు లోపలే ఉండాలి, అప్పుడే రెండూ ఒకే గీత మీదికి వస్తాయి. గొట్టానికీ చక్రానికీ మధ్య ఒక్కో చిన్న పూస వేయండి, ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. పూస లేకపోతే మూత వెళ్లి గొట్టం అంచుకు రాసుకుంటుంది. ఆ రాపిడి బయటికి కనిపించదు కానీ బండిని ఆపేస్తుంది.

చక్రాలకు నీళ్ల సీసా మూతలు బాగుంటాయి. ఫంక్షన్ హాల్లో ఒక పెళ్లి అయిపోతే తరగతి మొత్తానికి సరిపడా దొరుకుతాయి. ఒకే కంపెనీవి నాలుగు ఏరుకోవాలి, ఎత్తులో తేడా ఉంటే ఒక చక్రం గాల్లో తిరుగుతుంది. అసలు కష్టం కేంద్రం పట్టుకోవడంలో ఉంది. కొన్ని మూతలకు లోపల నట్టనడుమ చిన్న బొడిపె ఉంటుంది, అది అచ్చులో ప్లాస్టిక్ పోసిన చోటు, అదే కేంద్రం. లేని వాటికి మూతను కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఆ వృత్తాన్ని కత్తిరించి, రెండుసార్లు మడవండి. మడతలు కలిసిన చోట చుక్క పెట్టి కాగితాన్ని మూతలో అమర్చండి. రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా బండి కుంటుతుంది. ప్రతి చుట్టులోనూ కాస్త ఎక్కి కాస్త దిగుతుంది, ఆ ఊపుకు పైన తెరచాప కొట్టుకుంటుంది.

రంధ్రం ఇరుసు కంటే సన్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. కటింగ్ ప్లేయర్‌తో సన్న మేకును పట్టుకుని కొవ్వొత్తి మీద వేడి చేసి గుచ్చితే సరి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. స్పోకును బలవంతంగా నొక్కి దూర్చాలి, జిగురు మీద ఆశ పెట్టుకోవద్దు. మూతల ప్లాస్టిక్ పాలిథిలిన్ జాతిది. దానికి ఫెవిక్విక్ పట్టదు, ఫెవికాల్ అసలే పట్టదు. ఆరినప్పుడు పట్టినట్టే ఉంటుంది, రెండో పరుగులో ఊడిపోతుంది. ఫెవిక్విక్‌తో ఇంకో చిక్కు, థర్మాకోల్‌కు తగిలితే కరిగి గుంట పడుతుంది. బండి థర్మాకోల్‌తో చేసే వాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇరుసు సన్నగా, చక్రం పెద్దగా ఎందుకంటే ఎడ్లబండిని చూడండి. మనిషి ఛాతీ దాకా వచ్చే చక్రం, దాని నడుమ చేతిలో ఇమిడే ఇరుసు. ఘర్షణ పుట్టేది ఇరుసు అంచున, దాన్ని గెలిచే బలం పనిచేసేది చక్రం అంచున. చక్రం వ్యాసార్ధం ఇరుసు వ్యాసార్ధానికి ఎన్ని రెట్లుంటే ఘర్షణ అన్నో వంతుకు తగ్గుతుంది. 3 సెంటీమీటర్ల మూత, 2 మిల్లీమీటర్ల స్పోకు అయితే 15వ వంతు. అదే మూతకు 3 మిల్లీమీటర్ల వెదురు పుల్ల వేస్తే 10వ వంతే, పైగా వెదురు గరుకు వేరే. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క పోలిక చాలు.

బండికి కందెన పెట్టినట్టు దీనికీ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కొబ్బరి నూనె మాత్రం వద్దు. డిసెంబరు పొద్దున అది సీసాలోనే గడ్డకడుతుంది, ఇరుసు మీద కూడా అంతే. మిగిలిన రోజుల్లో దుమ్మును పట్టుకుంటుంది. పెన్సిల్ ములుకును బ్లేడుతో గీకి ఆ పొడిని గొట్టంలో వేసి ఇరుసును పదిసార్లు తిప్పండి. అది గ్రాఫైటు, పొడిగా ఉంటుంది, దుమ్ము అంటదు.

సీడీలతో చక్రాలు చేయడం చాలామందికి ఇష్టం, చూడ్డానికి అందంగా ఉంటాయి. 12 సెంటీమీటర్ల వ్యాసం కాబట్టి ఇరుసు ఘర్షణ 60వ వంతుకు పడిపోతుంది. కానీ ఒక్కో సీడీ 15 గ్రాముల పైచిలుకు, నాలుగు కలిపితే మిగతా బండి అంత బరువు. అవి తిరుగుతూ పోవాలి కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు ఆ 60 గ్రాములు 90 గ్రాముల్లా బరువనిపిస్తాయి. ఫ్యాను గాలి గట్టిగా ఉండేది మొదటి మీటరు, మీటరున్నర. ఆ దూరంలో సీడీ బండి ఇంకా లేస్తూనే ఉంటుంది, మూతల బండి దాటిపోతుంది. బయట మైదానంలో, ఆగకుండా వీచే గాలిలో అయితే సీడీలదే పైచేయి.

చక్రాలకు పట్టు కోసం రబ్బరు బ్యాండ్లు చుట్టడం ఇంకో అలవాటు. తెరచాప బండిలో చక్రాలు బండిని నడపవు, ఊరికే దొర్లుతాయి. వాటికి పట్టుతో పనిలేదు. రబ్బరు చుడితే ఘర్షణ పెరుగుతుంది తప్ప లాభం లేదు.

బండి పీట

ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లో సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ అట్ట) కత్తిరింపులు మూటలుగా పడి ఉంటాయి. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల అడిగితే సంచిడు ఇస్తారు. 3 మిల్లీమీటర్ల మందం, 18 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ముక్క చాలు, 25 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. జొన్న కోతలైన పల్లెల్లో జొన్న బెండుతో బండ్లు కట్టడం పిల్లలకు ముందే వచ్చు. బెండు సన్‌బోర్డు కంటే తేలిక, చీపురు పుల్లలతో అతుకులు వేస్తే గట్టిగానే ఉంటుంది. దానికి రీఫిల్ గొట్టాలను దారంతో కట్టాలి, టేపు నిలవదు.

ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 14 సెంటీమీటర్లు ఉంచండి. ఈ రెండూ సమాంతరంగా ఉండడం ఎంత ముఖ్యమో అంకెల్లో చూడాలి. ఒక ఇరుసు ఒక్క డిగ్రీ వాలితే బండి 8 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద తిరుగుతూ పోతుంది. 3 మీటర్లు పోయేసరికి గీత నుంచి అర మీటరు పైనే పక్కకు జరిగి ఫ్యాను గాలి లోంచి బయటపడుతుంది. 8 సెంటీమీటర్ల వెడల్పు మీద ఒక డిగ్రీ అంటే ఒక కొసన మిల్లీమీటరున్నర తేడా. కళ్లతో అంచనా వేస్తే ఈ తేడా దొరకదు. పీట మీద ముందు నిలువు గీత, దానికి మూలమట్టంతో రెండు అడ్డ గీతలు గీసి, గొట్టాలను ఆ గీతల మీదే కూర్చోబెట్టాలి. జామెట్రీ బాక్సులో ఏడాదంతా ఖాళీగా ఉండే మూలమట్టాలకు ఇక్కడ పని దొరుకుతుంది.

తెరచాప కట్టకముందు వాలు పరీక్ష

చాలా తరగతుల్లో జరగనిది ఇదే, మార్కులు నిజంగా తెచ్చేది ఇదే. పరీక్ష ప్యాడు ఒక కొసను 5 సెంటీమీటర్ల ఎత్తున పుస్తకాల మీద పెట్టండి. కింది అంచు నేలను తాకే చోట ఒక కాగితం అతికించి మెట్టు లేకుండా చేయండి. తెరచాప లేని బండిని పై కొసన పెట్టి తోయకుండా వదలండి. వదిలిన చోటు నుంచి ఆగిన చోటుకు నేల మీద దూరం కొలవండి. ఎత్తును ఆ దూరంతో భాగిస్తే ఘర్షణ బండి బరువులో ఎన్నో వంతో వచ్చేస్తుంది. 30 సెంటీమీటర్లలో ఆగితే ఆరో వంతు, 60 గ్రాముల బండికి 10 గ్రాములు. 120 సెంటీమీటర్లు పోతే 24వ వంతు, రెండున్నర గ్రాములు. పైన లెక్కలో వాడిన అంకెలు ఇవే. స్పోకు, పూస, గ్రాఫైటు సరిగ్గా కుదిరిన బండికి 2 మీటర్లు గురిగా పెట్టుకోవచ్చు.

వరండాల్లో నేల నీళ్లు పోవడానికి వాలుగా కట్టి ఉంటుంది. అందుకే రెండు దిక్కుల్లోనూ వదిలి రెండు లెక్కల సగటు తీయాలి. మన బడుల్లో షాబాదు బండలు పరిచిన నేల ఎక్కువ. బండల అతుకుల్లో మూత చక్రం దిగిపోతుంది. అతుకు వెంబడి కాకుండా ఒకే వరస బండల నడుమ నుంచి పరుగు పెట్టించండి, అడ్డం వచ్చే అతుకుల మీద వెడల్పు టేపు వేయండి.

బండి ఆగిన తీరు కూడా చూడాలి. నిదానంగా ఆగితే మామూలు ఘర్షణ. గబుక్కున ఆగి రవ్వంత వెనక్కి దొర్లితే ఏదో ఒక చక్రంలో బరువైన వైపు ఉంది, లేదా రంధ్రం పక్కకు పోయింది. ఒకే పక్కకు తిరిగితే ఇరుసు వాలింది, లేదా ఆ పక్క చక్రం గొట్టానికి రాసుకుంటోంది. రెండింట్లో ఏదో తేలాలంటే గొట్టాలు పీట మీది గీతల మీదే ఉన్నాయో లేదో, ఏ చక్రమైనా గొట్టానికి తగులుతోందో చూడండి.

ఇప్పుడు తెరచాప

75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల) ఏ4 కాగితం బరువు 5 గ్రాముల లోపే. అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు. పతంగి కాగితం ఇంకా తేలిక కానీ ఫ్యాను ముందు అంచులు రెపరెపలాడి చిరుగుతాయి. చార్టు కాగితం గట్టిగా నిలుస్తుంది, బరువు పైకి చేరుతుంది.

కాగితాన్ని నిలువుగా కట్టాలా, అడ్డంగానా అన్న దాని మీద బండి బతుకు ఆధారపడి ఉంటుంది. తెరచాప కింది అంచు నేలకు 4 సెంటీమీటర్ల పైన ఉందనుకుందాం, బండి గరిమనాభి (బరువంతా ఒక్క చోటే ఉన్నట్టు పనిచేసే బిందువు) కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉందనుకుందాం. నిలువుగా కడితే గాలి తోపు గరిమనాభికి 15 సెంటీమీటర్ల పైన తగులుతుంది. 40 గ్రాముల బలం, 15 సెంటీమీటర్లు, గుణిస్తే 600. బండిని బోర్లా పడకుండా ఆపేది దాని బరువు: 60 గ్రాములు, ముందు ఇరుసు నుంచి గరిమనాభికి 8 సెంటీమీటర్లు, గుణిస్తే 480. 600 ముందు 480 నిలవదు, ఫ్యాను వేయగానే ముక్కు మీద పడుతుంది. అదే కాగితాన్ని అడ్డంగా తిప్పండి. తోపు ఇప్పుడు పదిన్నర సెంటీమీటర్ల పైన. 40ని పదిన్నరతో గుణిస్తే 420, బండి నిలుస్తుంది. కాగితం అదే, గాలి అదే.

అయినా ముందుకు ఊగుతుంటే బరువు పెంచే ముందు తెరచాపను నిలబెట్టే కొయ్యను వెనక్కి జరపండి. రెండు ఇరుసుల నడిమధ్య కంటే రెండు మూడు సెంటీమీటర్లు వెనక పెట్టడం మేలు. ఇంకా చాలకపోతే వెనక అంచున ఒక రూపాయి బిళ్ల టేపు వేయండి. బండి మధ్యలో మట్టి ముద్ద పెట్టడం వృథా.

కొయ్యకు రెండు చీపురు ఈనెలు కలిపి దారం చుడితే సరిపోతుంది. ఒక్క కొయ్య మీద అడ్డ కాగితం గిరగిరా తిరగబోతుంది కాబట్టి రెండు కొయ్యలు, ఒక్కోటి కాగితం అంచు నుంచి నాలుగో వంతు లోపలికి. కొయ్యలు గాలికి ముందుకు వంగకుండా పై కొసల నుంచి దారాలు కట్టాలి. దారాలు పీట వెనక మూలలకు రావాలి. ముందు మూలలకు కట్టి వంగుతోందని ఫిర్యాదు చేసే వాళ్లున్నారు. దారం లాగగలదు, తోయలేదు.

కాగితం గాలి వైపు కొద్దిగా దొప్పలా ఉంటే మంచిది. గిన్నె నోరు గాలి వైపు ఉంటే పడే బలం, దాని వీపు గాలి వైపు ఉంటే పడే బలానికి మూడు రెట్ల పైనే. గాలి వేగాన్ని కొలిచే వేగమాపకంలో నాలుగు గిన్నెలు ఒకే దిక్కుకు తిరిగేది ఈ తేడా వల్లే. చదును కాగితానికీ దొప్పకూ మధ్య తేడా అంత పెద్దది కాదు, కాబట్టి లోతుగా వంచే శ్రమ వద్దు. ఉబ్బు మాత్రం తప్పు వైపుకు పోకూడదు. ఏడో తరగతి పిల్లలతో కాగితం కప్పులతో ఆ వేగమాపకం కూడా పక్కనే చేయిస్తే ఏ పరుగులో గాలి ఎంతుందో పోల్చి చూడొచ్చు.

ఫ్యాను అనే మాయలాడి

ఫ్యాను గాలి తిన్నగా రాదు, రెక్కలతో పాటు సుడి తిరుగుతూ వస్తుంది. అందుకే ఇరుసులు ఎంత సరిగ్గా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది. ఫ్యాను ముందు అట్టపెట్టె ముక్కలను గళ్లుగా, ఒక్కో గడి 5 సెంటీమీటర్లు, లోతు 10 సెంటీమీటర్లు ఉండేలా అల్లి నిలబెడితే సుడి చాలావరకు చస్తుంది. గాలి వేగం కొంత తగ్గుతుంది, ఫరవాలేదు. ఫ్యాను నడుమ బొడ్డు ముందు గాలి పలచగా ఉంటుంది, రెక్కల బయటి సగం ముందు గట్టిగా ఉంటుంది. తెరచాప నడుమ భాగం ఫ్యాను బొడ్డుకు సూటిగా రాకుండా, ఫ్యానును కాస్త పైకి లేపి పెట్టండి.

మెడ తిప్పే మీట తీసేయాలి, సీలింగ్ ఫ్యాన్లు ఆపాలి, కిటికీలు వేయాలి. ఫ్యాను వేసి రెండు నిమిషాలు ఆగి మొదలుపెట్టాలి. వోల్టేజీ పడితే గాలి పడిపోతుంది. పక్కన మోటారు నడిచే వేళ చేసిన పరుగుల్ని మోటారు లేని వేళ చేసిన వాటితో పోల్చొద్దు. పోల్చాల్సిన రెండు బండ్లను ఒకదాని వెంట ఒకటి, మార్చి మార్చి వదలాలి. అ, ఇ, అ, ఇ అని. అన్ని పరుగులూ అ బండివి చేసి, తర్వాత ఇ బండివి చేస్తే మధ్యలో మారిందేమిటో ఎవరికీ తెలియదు.

నేల మీద సుద్దతో 50 సెంటీమీటర్లకు ఒక గీత, 3 మీటర్ల దాకా. బండిని ఫ్యానుకు అర మీటరు దూరంలో స్కేలు అడ్డం పెట్టి ఆపి, స్కేలును నిలువుగా పైకి లేపాలి. చేత్తో పట్టి వదిలితే తెలియకుండానే తోస్తాం. ఫోను స్లో మోషన్‌లో పక్క నుంచి తీసి గీతలు దాటిన సమయం చదువుకోవచ్చు. స్టాప్‌వాచీతో మనిషి చేయి సెకనులో ఐదో వంతు అటూ ఇటూ పోతుంది. మొత్తం పరుగు రెండు సెకన్లే కాబట్టి ఆ తప్పు చిన్నదేమీ కాదు. ఒక్కో అమరికకు ఐదు పరుగులు, వరసలో పెట్టి నడిమిది రాసుకోవాలి. ఒక పరుగు గోడకు తగిలి పాడైతే సగటు చెడుతుంది, నడిమి విలువ చెడదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. చక్రం, తెరచాప రెండూ కలిపి మార్చిన పట్టిక దేనికీ పనికిరాదు.

పట్టికలో కనిపించే ఒక సంగతి తొమ్మిదో తరగతికి పనికొస్తుంది. మొదటి అర మీటరులో వేగం గబగబా పెరుగుతుంది, తర్వాత పెరుగుదల మందగిస్తుంది, 2 మీటర్లు దాటాక వేగం తగ్గడం మొదలవుతుంది. ఫ్యాను నుంచి దూరమైన కొద్దీ గాలి పలచబడి, ఒక చోట బండే గాలి కంటే వేగంగా ఉంటుంది. అక్కడి నుంచి తెరచాప బ్రేకు వేస్తుంది. తెరచాప పెద్దదైతే బ్రేకూ పెద్దదే. ఎక్కువ దూరం పోవాల్సిన పోటీలో అందుకే చిన్న తెరచాప బండి ఒక్కోసారి గెలుస్తుంది.

బయటికి తీసుకుపోతే మూత చక్రాలు మొరం మీద నడవవు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మూతలు వేసుకోవాలి. ప్రహరీ గోడ వెనక గాలి సుడులు తిరుగుతుంది, గోడ ఎత్తుకు పది రెట్ల దూరం జరగాలి. 2 మీటర్ల గోడకు 20 మీటర్లు. అంత జాగా లేని బడి అయితే దగ్గర్లో ఏదైనా గచ్చు మైదానం వెతకడమే. గాలి ఉండుండి వీస్తుంది కాబట్టి రెండు బండ్లను పక్కపక్కనే ఒకేసారి వదిలి పోల్చాలి, సమయాలు రాయడం దండగ.

గాలికి ఎదురు పోయే బండి

తెరచాపతో గాలి వెంట పోయే బండి గాలి వేగాన్ని దాటలేదు. పైన లెక్క చూసిన వాళ్లకు ఇది తెలిసిపోయే ఉంటుంది. కానీ 2010లో అమెరికాలో రిక్ కవల్లారో బృందం బ్లాక్‌బర్డ్ అనే బండిని గాలి వెంటే, గాలి వేగానికి 2.8 రెట్ల వేగంతో నడిపింది. దాని చక్రాలే పంకాను తిప్పుతాయి, పంకా గాలిని వెనక్కి తోస్తుంది. గాలికి అడ్డంగా పోయే తెరచాప బండ్ల కథ వేరు. న్యూజిలాండ్ వాళ్ల ‘హొరొనుకు’ అనే తెరచాప బండి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని ఒక ఎండిన ఉప్పు సరస్సు మీద గంటకు 222.4 కిలోమీటర్లు అందుకుంది.

బడిలో చేయగలిగేది గాలికి ఎదురు నడిచే బండి. పంకా తిరిగి రబ్బరు బ్యాండు ద్వారా వెనక ఇరుసును తిప్పుతుంది. చూసేవాళ్లను నిలబెట్టేది ఇదే. పీట, ఇరుసులు పైన చెప్పినవే. రెండు లీటర్ల సీసా నడుమ భాగం నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు రెక్కలు నాలుగు కోసి మూతకు చీలికలు పెట్టి వాలుగా దూర్చాలి. పంకా ఇరుసు కూడా స్పోకే. దాని మీద బ్యాండు సన్నని గొట్టం ముక్క చుట్టూ, వెనక ఇరుసు మీద గాడి తీసిన పెద్ద మూత చుట్టూ తిరగాలి. అంటే పంకా నాలుగైదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఇక్కడ చక్రాలకు పట్టు కావాలి, పైన వద్దన్న రబ్బరు బ్యాండ్లు ఇప్పుడు వెనక చక్రాలకు చుట్టండి.

మొదటిసారి ఇది దాదాపు ఎప్పుడూ వెనక్కే పోతుంది. అప్పుడు బండిని ఎత్తి, చక్రాలు నేలకు తగలకుండా ఫ్యాను ముందు పట్టుకోండి. చక్రాల కింది అంచు ఫ్యానుకు దూరంగా, వెనక్కి కదులుతుంటే తిరిగే దిక్కు సరైనదే. అప్పుడు తప్పు చుట్ల లెక్కలో ఉంది, ఇరుసు మీద ఇంకా పెద్ద మూత వేయాలి. కింది అంచు ఫ్యాను వైపు కదులుతుంటే దిక్కే తప్పు. బ్యాండును ముట్టుకోకుండా నాలుగు రెక్కల వాలును ఎదురు పక్కకు తిప్పి దూర్చితే చాలు. చక్రాలు అసలు తిరగకపోతే బ్యాండు మరీ బిగుతుగా ఉంది, లేదా పంకా ఇరుసు గొట్టంలో పట్టుకుంది. మళ్లీ గొట్టం నిలువుగా పట్టి స్పోకు జారుతుందో లేదో చూడండి.